కట్టె పిస్తోలు

మా తమ్ముడికి కాజీపేట రైల్వేలో ఖలాసీ ఉద్యోగం వచ్చినట్టే వచ్చి ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. పరీక్ష రాశాడు, బరువులు మోసి చూపించాడు, రైల్వే డాక్టరు కళ్ళు చూసి బాగున్నాయన్నాడు. ఇక మిగిలింది పోలీసు ఎంక్వైరీ. ఠాణా నుంచి ఒకరు మా ఇంటికి రావాలి, వాడకట్టులో నలుగురిని అడగాలి, పిల్లవాడు మంచివాడు, ఏ గొడవల్లోనూ లేడు అని రాసి పంపాలి. ఆ రాత కాజీపేట చేరితే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ కొత్తవాడలో మా నాయిన మగ్గం గుంతే.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఆ ఒక్క ముక్క రాయించుకోవడం తేలిక కాదు. పొద్దున లేచేసరికి గోడల మీద ఎర్ర అక్షరాలు ఉండేవి. మధ్యాహ్నానికి పోలీసులు వాటి మీద సున్నం కొట్టించేవారు. సున్నం ఆరాక అక్షరాలు లోపలి నుంచి మళ్ళీ కనిపించేవి. మా తమ్ముడితో కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు ఒకడు, ఫీజు కట్టొస్తానని ఇంట్లో చెప్పి, ములుగు బస్సెక్కి అడవిలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ మా వెనక వీధిలోనే ఉండేది. పోలీసులు ఆమె ఇంటికి మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ వాడి దోస్తులెవరని అడిగి పుస్తకంలో పేర్లు రాసుకుపోయారు. ఆ పుస్తకంలో మావాడి పేరుందో లేదో మాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

నాయిన జంపఖానాలు నేసేవాడు. తమ్ముడికి ఒక మంచి ఎర్ర చొక్కా ఉండేది. ఒకరోజు నాయిన ఏమనుకున్నాడో, దాన్ని తీసుకెళ్ళి నూలుకు రంగేసే నీలం తొట్టిలో ముంచాడు. అది నీలమూ కాక ఎరుపూ కాక మచ్చలు మచ్చలుగా వంకాయ రంగుకు తిరిగింది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని చొక్కాను వీధంతా చూడడం మొదలుపెట్టింది. నేను పడీ పడీ నవ్వాను.

"నవ్వకే, నీకేమెరుక" అన్నాడు నాయిన.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, తమ్ముడికంటే రెండేళ్ళు పెద్ద. ఇంటర్ పాసై, ఇంట్లో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుండేదాన్ని. నాకన్నీ ఎరుకే అనుకునేదాన్ని.

ఆ వేసవిలో మైకు కట్టిన రిక్షా ఒకటి మా సందుల్లో తిరిగింది. హన్మకొండలో మ్యూజియం అని బోర్డున్న ఒక పాత బంగళాలో గూఢచారి సినిమాల సామాన్లు వారం రోజులు చూపిస్తారట. మామూలుగా అక్కడ విరిగిన రాతి విగ్రహాలు, తుప్పు పట్టిన నాణేలు తప్ప ఏమీ ఉండవు. బడి పిల్లలను తోలుకుపోతే తప్ప ఎవరూ పోరు. నాకేమో సినిమాలంటే పిచ్చి. అందులోనూ గూఢచారి సినిమా అయితే మొదటి ఆటకు టికెట్ దొరక్కపోతే రెండో ఆట దాకా గేటు దగ్గరే నిలబడే రకాన్ని.

తమ్ముడు అప్పటికి నెల రోజులుగా గడప దాటలేదు. చాయ హోటల్ దగ్గర నిలబడొద్దు, పేపరు పైకి చదవొద్దు, ఎవడు పిలిచినా పలకొద్దు అని నాయిన ఆంక్షలు. కూర్చుని కూర్చుని వాడి ముఖం పాలిపోయింది.

"సినిమా సామాన్లు సూడనీకి పోతె ఎవడేమంటడు నాయినా? ఇంట్ల దాక్కుంటెనే అనుమానం" అన్నాను.

"ఆ కాయిదం పోయేదాంక జర ఆగరాదె."

"నీ కాయిదం పోయేటాళ్లకు ఆ సామాన్లు పోతయి."

అవ్వ, అంటే మా అమ్మ, నా వైపు మాట్లాడింది. చివరికి నాయిన "పొద్దుగూకకముందే రాండ్రి" అని మగ్గంలోకి దిగాడు. నాయినను మాటల్లో గెలిచానని నాకు ఒకటే సంబరం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బస్సు దిగి బంగళాలోకి పోయేసరికి రాతి విగ్రహాలన్నిటినీ వరండాలోకి జరిపి, ముఖాలు గోడవైపు తిప్పి పెట్టారు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు లోపల ఏమీ కనిపించలేదు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. కాసేపటికి ఒక గోడంతా ప్రపంచ పటం, దాని మీద వెలిగి ఆరే ఎర్ర బల్బులు కనిపించాయి. మద్రాసులో సినిమా కంపెనీ సామాన్ల గది చూసుకునేవాడినని చెప్పుకున్న ఒక ముసలాయన అందరినీ తిప్పి చూపిస్తున్నాడు. మడమలో కత్తి దాచే బూటు, అడుగున ఇంకో అడుగున్న సూట్‌కేసు, టిఫిన్ క్యారియర్‌లో వైర్‌లెస్ సెట్టు, డబ్బీ నిండా పెట్టుడు మీసాలు, పుట్టుమచ్చలు. వైర్‌లెస్ సెట్టుకు పాత రేడియో బొత్తాలు బిగించారు. మిగిలిందంతా అట్టముక్క.

పిస్తోళ్ళు ఒక బల్ల మీద వరసగా ఉన్నాయి. ముసలాయన ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. బరువే లేదు. గొట్టం చివర నల్లరంగు లేచిపోయి లోపల తెల్లటి చెక్క కనిపిస్తోంది. గోటితో కొట్టి చూశాను, టకటకమంది.

"ఇంతేనా తాతా?" అన్నాను.

"ఇంతేనమ్మాయ్. కెమెరా దూరం నుంచి చూస్తుంది కదా, దానికి ఇది చాలు. నీలాగా ఎవరూ గోటితో కొట్టి చూడరు" అని నవ్వాడు.

ఆ పక్కన ఒక అట్టగోడకు ఎవరో జమీందారు బొమ్మ వేలాడుతోంది. బొమ్మ కళ్ళ దగ్గర రెండు రంధ్రాలు. వెనక్కి వెళ్ళి ఆ రంధ్రాల్లోంచి చూస్తే గదంతా కనిపిస్తుంది, మనం ఎవరికీ కనిపించం. నేను ఉత్సాహంగా వెళ్ళి కళ్ళు పెట్టాను. జనం మెడలు సాచి సామాన్లు చూస్తున్నారు. ఒక్కడు మాత్రం చూడడం లేదు. తెల్ల చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టు, కాళ్ళకు ముదురు ఎరుపు తోలు బూట్లు. గోడకు ఆనుకుని వచ్చేపోయేవాళ్ళ ముఖాలు చూస్తున్నాడు. మా తమ్ముడి వంకాయరంగు చొక్కా దగ్గర అతని చూపు ఆగింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు, మఫ్టీ పోలీసు అన్నీ మార్చుకున్నా జుట్టూ బూట్లూ మార్చుకోడని.

అప్పుడైనా తమ్ముణ్ణి తీసుకుని బయటికి వచ్చేస్తే సరిపోయేది. నేను బొమ్మ వెనక నుంచి వచ్చి, భయపడ్డట్టు కనిపించకూడదని మరింత గట్టిగా నవ్వాను, మరింత గట్టిగా మాట్లాడాను. గది చివర చౌరస్తాలోని స్టూడియో ఆయన కెమెరా స్టాండు పెట్టుకుని ఉన్నాడు. టోపీ, పొడుగు కోటు, చేతికో పిస్తోలు ఇచ్చి ఫొటో తీస్తున్నాడు. వెనక ప్రదర్శన పేరు రాసిన గుడ్డ కట్టి ఉంది.

"తీస్కోరా" అన్నాను.

"వద్దక్కా."

"రేపు ఖలాసీ డ్రెస్సుల ఎవడు తీస్తడురా నీకు ఫొటో? అవ్వ సంబరపడ్తది."

"వద్దక్కా, పోదాం పా."

"మీసాలున్నయి గని మొగోనివి గాదు" అన్నాను, అందరూ వినేట్టుగా.

వాడి ముఖం ఎర్రబడింది. వెళ్ళి కోటు తొడుక్కున్నాడు. స్టూడియో ఆయన చెప్పినట్టు కుడిచెయ్యి పక్కకు చాచి, పిస్తోలు గుడ్డమీది అక్షరాల వైపు గురిపెట్టాడు. కళ్ళు మాత్రం నావైపే ఉన్నాయి. ఫ్లాష్ వెలిగింది.

ఫొటో ఇవ్వడానికి పేరూ ఇంటి గుర్తూ స్టూడియో ఆయన పుస్తకంలో రాయించాలి. తమ్ముడు రాశాడు. మేము గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, ఎర్రబూట్లాయన ఆ పుస్తకం మీదికి వంగి ఉన్నాడు.

దారిలో వాడు ఒక్కమాటే అన్నాడు. "అక్కా, బూట్లు సూసినవా?"

"సూడలె" అన్నాను.

అయిదో రోజు ఫొటో తేవడానికి నేనే వెళ్ళాను. స్టూడియో అద్దాల అరలో, పెళ్ళికూతుళ్ళ మధ్య, మా తమ్ముడు పిస్తోలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా వచ్చిన ఫొటోను పెద్దది చేసి బయట పెట్టడం స్టూడియోవాళ్ళకు అలవాటు. పెట్టమని బతిమాలేవాళ్ళూ ఉంటారు. ఇంకో రోజుల్లో అయితే వాడకట్టునంతా పిలుచుకొచ్చి చూపించేదాన్ని. ఆ రోజు చిన్న ఫొటో కవరులో పెట్టుకుని, చౌరస్తాలో ఎవరెవరు ఆ అద్దం వైపు చూస్తున్నారో చూసుకుంటూ ఇంటికి ఉరికాను.

చెప్పగానే నాయిన మగ్గం మధ్యలో వదిలి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు. స్టూడియో ఆయనకు కోపం వచ్చిందట. అయినా నాయిన రెండు చేతులూ పట్టుకునేసరికి పెద్ద ఫొటోనూ, నెగెటివునూ ఇచ్చేశాడు. నాయిన వాటిని పెరట్లో రంగు కాచే పొయ్యిలో వేశాడు. నెగెటివ్ ఒక్కసారి భగ్గుమని మాడిన కంపు కొట్టింది. చిన్న ఫొటో కూడా నేను వెయ్యబోతుంటే అవ్వ వచ్చి నా చేతిలోంచి గుంజుకుంది.

"బతికున్నోని బొమ్మ కాలవెడ్తరానె? నీకు బుద్ధున్నదా?"

మాలో అది మహా చెడ్డ శకునం. అదీగాక కొడుకు కోటు వేసుకున్న ఫొటో ఆమెకు అదొక్కటే. అవ్వ ఏడుపు ఆపడానికి నేనే ఉపాయం చెప్పాను. నూలు కత్తిరించే కత్తెర తెచ్చి, మణికట్టు దగ్గర నుంచి గుండ్రంగా కోసేశాను. పిస్తోలు పోయింది, దానితోపాటు వెనకున్న గుడ్డా, దాని మీది అక్షరాలూ పోయాయి. కోసిన ముక్కను పొయ్యిలో వేశాను. అవ్వ మిగిలిన బొమ్మను గోడ మీది ఫొటోల చట్రంలో ఒక మూలకు దూర్చింది. చెయ్యి లేదన్న సంగతి పట్టి చూస్తే తప్ప తెలియదు. ఇంత తెలివైన పని ఇంకెవరూ చెయ్యలేరని నాకనిపించింది.

వారం తర్వాత పొద్దున పదకొండింటికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. పెద్దవాడే, చెమటలు కక్కుతూ వచ్చాడు. నాయిన కొత్త జంపఖానా పరిచాడు. ఆయన దాని మీద కూర్చుని, చెయ్యితో నిమిరి, నేత బాగుందన్నాడు. అప్పటికే చుట్టుపక్కల నాలుగిళ్ళలో అడిగి వచ్చాడు, అందరూ మంచే చెప్పారు. అడవికి పోయిన పిల్లవాడి సంగతి అడిగితే తమ్ముడు తడబడకుండా, "ఒక్క బెంచీ సార్, గంతే. పోయినంక నాకేం తెల్వదు" అన్నాడు. ఆయన తలూపి రాసుకున్నాడు. తలుపు చాటు నుంచి నేను చాయ పెట్టమని అవ్వకు సైగ చేశాను.

"అయిపోయింది తియ్. ఒక ఫొటో ఇయ్యుండ్రి, కాయిదానికి అంటియ్యాలె" అన్నాడాయన.

తీయించిన చిన్న ఫొటోలన్నీ రైల్వేకే పంపేశాం. ఆ మాట నేను చెప్పేలోపే అవ్వ గోడ మీది చట్రం దించింది. వెనక అట్ట తీసి, కొంగుతో తుడిచి, రెండు చేతులతో అందించింది.

"ఇగో సారూ, కోటేస్కున్నది."

ఆయన ఫొటో తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. కోసిన అంచు మీద బొటనవేలు మెల్లగా నడిపించాడు.

"చెయ్యి ఏమాయె?"

పొయ్యి మీద చాయ పొంగిన చప్పుడు వినిపించింది.

"చేతిల ఏముండె?"

"పిస్తోలు సార్" అన్నాడు తమ్ముడు. "కట్టెది. సినిమా సామాన్ల కాడ తీయించుకున్న."

"కట్టెదైతె కోసుడెందుకు?"

ఊరంతా నోటిదురుసుదని పేరు పెట్టిన నేను, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"గుమ్మడికాయల దొంగెవడంటే భుజాలు తడుముకున్నట్టున్నది మీ కథ" అన్నాడాయన. కోపంగా కాదు, విసుగ్గా. "నిజమే కావచ్చు పిలగా. గని నేను మంచిగ రాసి పంపితె రేపు నా మెడకు సుట్టుకుంటది. పెద్దసారుకు నువ్వే జెప్పు, పా."

చాయ తాగకుండానే లేచాడు. తమ్ముడు చెప్పులు వెతుక్కుంటుంటే నేను తీసి ఇచ్చాను. వాడు నా ముఖం చూడలేదు.

ఆ మధ్యాహ్నమే నాయినా నేనూ మ్యూజియానికి ఉరికాం. కిటికీల నల్లగుడ్డలు లేవు. విగ్రహాలు మళ్ళీ లోపలికి చేరి ఎదురుగా చూస్తున్నాయి. సామాన్ల లారీ వెళ్ళి అయిదు రోజులైందనీ, ఏ ఊరికో తనకు తెలియదనీ కావలివాడు అన్నాడు. అక్కణ్ణుంచి స్టూడియోకు పోయాం. "నెగెటివ్ మీకే ఇచ్చిన గదనె. నన్ను ఠాణకు గుంజకుండ్రి, నాకు పిల్లలున్నరు" అని ఆయన షట్టరు సగం దించాడు. గుడ్డ మీది అక్షరాలు ఒక్క ముక్క కనిపించినా మా తమ్ముడు ఆ సాయంత్రమే ఇంట్లో ఉండేవాడు. ఆ ముక్కను పొయ్యిలో వేసింది నేను.

మరునాడు పొద్దున ఠాణాకు పోయాం. పెద్దసారు ముందు నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనే మాట్లాడాను.

"మీ మనిషే ఆడ ఉన్నడు సార్. ఎర్ర బూట్లు. మా తమ్ముడు ఫొటో దిగంగ సూసిండు. ఆయన్నే అడుగుండ్రి."

"మావోళ్ళు ఎవరూ రాలె. సినిమా సామాన్లు సూడనీకి మాకు టైమేది?"

అది నిజమో అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు. తిరిగి వస్తుంటే బజారులో చెప్పుల కొట్టు ముందు అవే రంగు బూట్లు తాడుకు జతలు జతలుగా వేలాడుతున్నాయి. వాటిని చూసి నడిరోడ్డు మీద నాకు ఏడుపొచ్చింది.

అంతకుముందు, ఠాణాలోంచి బయటికి రాబోతూ, పెద్దసారుతో ఇంకో మాట చెప్పాను. "ఫొటో కోసింది నేను సార్. వానికేం తెల్వదు."

ఆయన కాగితాల మీంచి తలెత్తాడు. "కోసింది నేనే అని వాడు ఒప్పుకున్నడు. నాలుగుసార్లు అడిగితె నాలుగుసార్లూ గదే మాట. తమ్ముని కోసం అబద్ధాలాడకు, ఇంటికి పో."

నాయిన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. మా రోజుల్లో ఆడపిల్లను ఒక్క పూట ఠాణాలో కూర్చోబెట్టారంటే ఆ తర్వాత ఆమె గురించి వాడకట్టు ఏమేమి అనుకుంటుందో తమ్ముడికి తెలుసు. మొగోనివి గాదన్న నోటితో నేను వాడికి ఏం చెప్పగలను?

అయిదో రోజు మధ్యాహ్నం నాయిన వాణ్ణి రిక్షాలో తెచ్చాడు. వాడు దిగడానికి చాలాసేపు పట్టింది. అవ్వ వేణ్ణీళ్ళు పోసింది. వీపు రుద్దబోతే వద్దన్నాడు. ఠాణా నుంచి కాజీపేటకు కాగితం పోయిందని తెలిసింది. అందులో ఏం రాశారో తెలియదు. రైల్వే నుంచి మాకు ఇక ఏ ఉత్తరమూ రాలేదు. రెండు నెలలు పోస్టాయన కోసం చూసి, తమ్ముడు నాయిన పక్కన రెండో మగ్గంలోకి దిగాడు.

వాడు ఇంటికొచ్చిన మూడో రోజు అనుకుంటాను. నేను వసారాలో కండెలు చుడుతున్నాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తప్పంతా ఇప్పుడు ఒప్పుకోవాలని నేను నోరు తెరిచాను. వాడు చెయ్యెత్తి ఆపాడు.

"అక్కా, ఒకటడుగుత. నిజం జెప్పు."

"అడుగురా."

"నువ్వు చేతిల పట్టుకున్నవ్ గదా. అది కట్టెదేనా?"

నాకు ముందు అర్థం కాలేదు. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. నాలుగు రోజులు ఒకే ప్రశ్న అడిగీ అడిగీ వాళ్ళు వాడి చేతిలో ఏం పెట్టి పంపారో అప్పుడు తెలిసింది.

"కట్టెదేరా. నేను గోటితోని కొట్టి సూసిన."

"ఇంకోసారి జెప్పు."

"కట్టెదే."

పక్కనే ఉన్న మగ్గం దుంగ మీద గోటితో కొట్టి చూపించాను. "గిట్లనే సప్పుడైంది" అన్నాను. వాడు వంగి, చెవి దగ్గరగా పెట్టి, తనూ ఒకసారి కొట్టి చూసుకున్నాడు.